కొండదారి నడక - ఐదో పాఠం: నీడలో చుట్టుదారి

ఇప్పటిదాకా నాలుగు పాఠాల్లోనూ వెళ్లిన దారినే తిరిగొచ్చే నడకలు చేశాం. బూట్లు, సంచి, ఎక్కేటప్పుడు ఊపిరి, పోయినసారి మ్యాపు మీద సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు. ఈసారి చుట్టుదారి. బయలుదేరిన చోటికే వస్తాం కానీ వెళ్లిన దారిన రాం.

వెళ్లిన దారినే వచ్చే నడకలో ఒక ధైర్యం ఉంది. ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు వెనక్కి తిరగొచ్చు, ఆ దారి మన కాళ్లకు తెలిసిందే. చుట్టుదారిలో ఆ ధైర్యం ఒక చోటు దాకానే ఉంటుంది. ఆ చోటు దాటాక వెనక్కి రావడం కంటే ముందుకు పోవడమే దగ్గర. వాన పట్టుకున్నా, మోకాలు పట్టేసినా, పిల్లలు మొండికేసినా ముందుకే నడవాలి. ఆ చోటు ఎక్కడుందో ఇంట్లో కూర్చునే కనిపెట్టాలి, అక్కడికి ఎన్ని గంటలకల్లా చేరాలో కాగితం మీద రాసుకోవాలి. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సింది ఇదే.

అభ్యాసానికి నేను ఎంచుకున్నది మ్యూర్ వుడ్స్ లోయ. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే, టమాల్పయిస్ కొండ ఒడిలో ఉంటుంది. బే ఏరియాలో ఉండే మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తప్పకుండా తీసుకెళ్లే చోటు. చాలామంది చెక్కబాట మీద కాసేపు నడిచి, పెద్ద మాను దగ్గర ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. లోయ అసలు అందం ఆ పైన మొదలవుతుంది. మీరు మరో ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు, మీకు దగ్గర్లో ఉన్న అడవి లోయ మ్యాపు పక్కన పెట్టుకుని ఇవే లెక్కలు వేసుకోండి.

ముందు దారి చెప్తాను. ద్వారం నుంచి రెడ్‌వుడ్ వాగు పక్కనే ఒక మైలు దాదాపు చదునుగా నడిస్తే నాలుగో వంతెన వస్తుంది. వంతెన దాటొద్దు. అక్కడి నుంచి వాగు వెంటే బూట్‌జాక్ ట్రయిల్ పట్టుకుని సుమారు 1.3 మైళ్లు ఎక్కితే వాన్ వైక్ మెడో అనే చిన్న పచ్చిక బయలు, మధ్యలో పెద్ద బండరాయి. అక్కడ ఎడమకు తిరిగి టీసీసీ ట్రయిల్ మీద 1.4 మైళ్లు. తర్వాత స్టాపెల్‌వెల్ట్ ట్రయిల్ మీద అరమైలు దిగి, బెన్ జాన్సన్ ట్రయిల్ అందుకుని దిగుతూ వస్తే మళ్లీ అదే నాలుగో వంతెన. మొత్తం సుమారు ఆరున్నర మైళ్లు, అంటే పదిన్నర కిలోమీటర్లు. మ్యాపు మీద చూస్తే కాడతో ఉన్న తమలపాకులా ఉంటుంది. మొదటి మైలు కాడ, మిగిలింది ఆకు.

ఇప్పుడు మ్యాపు తీయండి. అమెరికా ప్రభుత్వ భూసర్వే మ్యాపుల్లో ఇలాంటి కొండల దగ్గర ఒక్కో రేఖకు సాధారణంగా 40 అడుగుల తేడా ఉంటుంది. బూట్‌జాక్ దారి ఆ రేఖలను ఒకదాని తర్వాత ఒకటి కోసుకుంటూ పోతుంది, అంటే ఎక్కుడు. టీసీసీ దారి మాత్రం ఒకే రేఖ పక్కన పాములా మెలికలు తిరుగుతూ సాగుతుంది, అంటే చదును. రేఖలు ఎక్కడైనా కొడవలి మొనలా వంగి కొండపైకి చూస్తున్నాయంటే అక్కడ వాగో వంకో ఉన్నట్టు. మొన కిందికి చూస్తే అది గట్టు. టీసీసీ దారి మీద ఇలాంటి మొనలు ఎన్ని ఉన్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నడిచేటప్పుడు దారి ఒక్కోసారి కొండ లోపలికి మడత పడి, చిన్న తడి వంక దాటి, మళ్లీ బయటికి వస్తుంది. ఆ మడతలు లెక్కపెట్టుకుంటూ పోతే ఫోను తీయకుండానే ఎక్కడున్నారో చెప్పగలరు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే సగం టెన్షన్ పోతుంది.

ఇక టైము. 1892లో స్కాట్లాండుకు చెందిన విలియం నెయిస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు: ప్రతి 3 మైళ్లకు గంట, ఎక్కే ప్రతి 1000 అడుగులకు అదనంగా అరగంట. మన దారిలో మొత్తం ఎక్కుడు సుమారు 1000 అడుగులు. ఆరున్నర మైళ్లకు 2 గంటల 10 నిమిషాలు, ఎక్కుడుకు అరగంట, కలిపి 2 గంటల 40 నిమిషాలు. ఇది బాగా నడిచే మనిషి ఆగకుండా నడిస్తే. కుటుంబంతో వెళ్లేవాళ్లు దీన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలన్నది నా అనుభవం. అంటే 4 గంటలు. భోజనానికీ ఆగడాలకూ గంట కలిపితే 5.

మొత్తం తెలిస్తే సరిపోదు, వెనక్కి రావడం కంటే ముందుకు పోవడమే దగ్గరయ్యే ఆ చోటు ఎక్కడో తేల్చాలి. ద్వారం నుంచి పచ్చిక బయలుకు 2.3 మైళ్లు, అక్కడి నుంచి ముందుకు వెళ్తూ ద్వారానికి 4.2 మైళ్లు. టీసీసీ దారి మీద సుమారు ఒక మైలు నడిచాక వెనకా ముందూ సమానమవుతాయి. కానీ ఆ చోట బోర్డు లేదు, గుర్తు లేదు, ఎటు చూసినా ఒకేలాంటి చెట్లు. నిర్ణయం అక్కడికి పోయి తీసుకోలేం. దానికంటే ముందు వచ్చే స్పష్టమైన చోట తీసుకోవాలి. మనకు అది పచ్చిక బయలే.

నవంబరులో గడియారాలు వెనక్కి జరిపాక ఇక్కడ సూర్యాస్తమయం ఐదింటికి అటూ ఇటూగా ఉంటుంది. లోయలో, అందులోనూ ఇంత దట్టమైన చెట్ల కింద, గంట ముందే మసక పడుతుంది. కాబట్టి నాలుగింటికి బయటపడాలి. బయలు నుంచి ద్వారానికి 4.2 మైళ్లు, నెయిస్మిత్ లెక్కను ఒకటిన్నర రెట్లు చేస్తే 2 గంటల పైచిలుకు. కాస్త వెసులుబాటు పెట్టుకుని 1:45కి బయలు వదలాలి. అక్కడ ముప్పావు గంట భోజనం, కాబట్టి ఒంటిగంటకు చేరాలి. ద్వారం నుంచి ఎక్కుడు దారిలో అక్కడికి 1 గంట 50 నిమిషాలు. అంటే 11 గంటలకు నడక మొదలవ్వాలి. ఇలా సాయంత్రం నుంచి పొద్దుటికి వెనక్కి లెక్క వేయండి. కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘1:45 దాటితే వెనక్కే’ అని రాసి జేబులో పెట్టుకోండి. ఆ టైము దాటితే ఎవరు ఎంత బతిమాలినా వచ్చిన దారినే దిగాలి.

ఈ నియమం నాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట ఇదే నవంబరులో మేం పన్నెండున్నరకు మొదలుపెట్టాం. నేను, మా ఆవిడ, పదేళ్ల మా అమ్మాయి, మా బావమరిది. బయలు చేరేసరికి రెండున్నర. పులిహోర తిని, కబుర్లాడి, మూడింటికి లేచాం. ఆ బయలు దగ్గర చాలా దారులు కలుస్తాయి. బూట్‌జాక్ అలాగే పైకి పోతుంది, ట్రూప్ 80 అనే దారి కుడికి, టీసీసీ ఎడమకు. నేను బోర్డు చదవకుండా, వచ్చిన దారే కదా అని పైకి నడిపించాను. అరగంటకు పైన తారురోడ్డు, కార్లు కనిపించాయి. తప్పు తెలిసి వెనక్కి దిగేసరికి నాలుగవుతోంది. వచ్చిన దారినే దిగిపోవాల్సింది, కానీ చుట్టు పూర్తి చేయాలన్న పట్టుదలతో టీసీసీ పట్టుకున్నాను. బెన్ జాన్సన్ మెలికల్లో పూర్తిగా చీకటి. ఫోను వెలుతురులో మెట్టు మెట్టూ తడుముకుంటూ దిగాం. అమ్మాయి నా చొక్కా అంచు పట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా నడిచింది. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి దారులు కలిసే ప్రతిచోటా మూడు పనులు చేస్తాను: ఆగుతాను, బోర్డు పైకి చదువుతాను, నడవాల్సిన దారి ఏ దిక్కుకు పోవాలో మ్యాపులో చూసి కంపాస్‌తో సరిచూస్తాను. పిల్లలుంటే బోర్డు చదివే పని వాళ్లకు ఇవ్వండి.

ఎటు నుంచి చుట్టాలన్నది కూడా ముందే ఆలోచించాలి. నేను చెప్పిన దారి ప్రదక్షిణకు ఎదురు దిశ. గుళ్లో అలా తిరగం, ఇక్కడ మాత్రం అదే మేలు. బూట్‌జాక్ దారిలో రాళ్లు, వేర్లు, ఎత్తు మెట్లు, వాగు తడి ఉంటాయి. తడిరాయి మీద ఎక్కేటప్పుడు జారితే చేయి ఆనుతుంది, దిగేటప్పుడు జారితే నడుం విరుగుతుంది. బెన్ జాన్సన్ వైపు దూరం ఎక్కువ, వాలు తక్కువ. అలసిన మోకాళ్లకు అదే నయం. నిటారు దారి ఎక్కు, వాలు దారి దిగు అని గుర్తుపెట్టుకోండి.

నీడ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం నీడను మంచిదనే చూస్తాం, అది చేసే మోసం చూడం. ఎండలో నడిస్తే ఒళ్లే టైము చెప్తుంది, దాహం వేస్తుంది, నీడల పొడవు మారుతుంది. ఇక్కడ అలా కాదు. రెడ్‌వుడ్ చెట్లు సముద్రపు పొగమంచు తాగి బతికేవి, ఈ లోయలో అన్నిటికంటే పొడుగు చెట్టు సుమారు 258 అడుగులు, చార్మినార్ మీద ఇంకా డెబ్భై అడుగుల పైనే. అలాంటివి వందల కొద్దీ నిలబడితే మధ్యాహ్నం పన్నెండూ మూడూ ఒకేలా ఉంటాయి. అందుకే గడియారం చూసి నీళ్లు తాగండి, అరగంటకోసారి నాలుగు గుక్కలు. జూలైలో వెళ్లినా స్వెట్టరు పెట్టుకోండి.

మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు ఆయన చెట్ల కంటే నేలనే ఎక్కువ చూశారు. వంగి, ‘ఇది మన పులిచింతాకే కదరా, ఇంత పెద్దగా ఉందేమిటి’ అన్నారు. నిజమే, రెడ్‌వుడ్ సారెల్ అనే ఆ మొక్క పులిచింతకు చుట్టమే. అవే మూడు గుండెల ఆకులు, రూపాయి బిళ్ల కంటే పెద్దవి. మేం చూస్తుండగా కొమ్మల సందులోంచి ఒక ఎండ చార వచ్చి ఆ గుబురు మీద పడింది. కొద్ది నిమిషాల్లో ఎండ తగిలిన ఆకులు మూడూ గొడుగు మూసినట్టు కిందికి ముడుచుకున్నాయి. పక్కన నీడలో ఉన్నవి అలాగే విచ్చుకుని ఉన్నాయి. ఎక్కువ ఎండకు ఆకు పాడవకుండా అది చేసుకునే ఏర్పాటు. నాన్నగారు చార జరిగిపోయేదాకా కదల్లేదు. మీరూ కాసేపు ఆగి చూడండి, ఆ ఆలస్యం లెక్కలో వేసుకోండి.

తెంపకండి మాత్రం. అక్కడ ఆకు, కాయ ఏదీ తెంపకూడదు. కాలిఫోర్నియా బే చెట్టు కింద నిలబడితే బిరియానీ ఆకు వాసన గుప్పుమంటుంది, అయినా జేబులో వేసుకోవద్దు.

అసలు తాకకూడనిది పాయిజన్ ఓక్. ఇదీ మూడాకుల గుంపే, ఆకులు నిగనిగలాడతాయి, శరత్కాలంలో ఎర్రబడతాయి. మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందింది. చిన్నప్పుడు మామిడికాయ సొన మూతికి అంటుకుని పొక్కినవాళ్లకు ఆ మంట ఎలాంటిదో తెలుసు, ఇది దానికంటే చాలా తీవ్రం. టీసీసీ దారి అంచుల్లో చేతులు దగ్గరగా పెట్టుకుని నడవండి. తగిలిందనిపిస్తే వీలైనంత త్వరగా సబ్బుతో కడుక్కోండి.

కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. 2018 నుంచి ఇక్కడ కారు పార్కింగుకైనా షటిల్ బస్సుకైనా ముందే రిజర్వేషన్ తప్పనిసరి. లోయలో ఫోను సిగ్నల్ ఉండదు, కాబట్టి టికెట్టూ మ్యాపూ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, దారులు ఏవైనా మూసి ఉన్నాయేమో చూసుకోండి. నడక మొదలవగానే ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేయదు, జీపీఎస్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. మ్యూర్ వుడ్స్ హద్దుల్లో పిక్నిక్ భోజనాలకు అనుమతి లేదు. అందుకే మన పులిహోర, పెరుగన్నం స్టేట్ పార్కులో ఉన్న పచ్చిక బయలులో విప్పుదాం. బాత్రూం ద్వారం దగ్గరే ముగించుకోండి.

ఈ లోయ ఈపాటికి నీళ్లలో మునిగి ఉండాల్సింది. విలియం కెంట్ అనే ఆయన 1905లో 45,000 డాలర్లకు ఈ 611 ఎకరాలు కొన్నారు. తర్వాత ఒక నీటి కంపెనీ వాగుకు ఆనకట్ట కట్టాలని భూమి లాక్కోబోతే, 295 ఎకరాలు ప్రభుత్వానికి దానమిచ్చేశారు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అడవుల రక్షణ కోసం పోరాడిన జాన్ మ్యూర్ పేరు పెట్టమన్నదీ కెంటే. అదే కెంట్ తర్వాత అమెరికా చట్టసభ కాంగ్రెసులో ఆసియా నుంచి వచ్చేవాళ్లకు వ్యతిరేకంగా మాట్లాడారు. ఆయన కాపాడిన చెట్ల కింద మనం పిల్లలతో నడుస్తున్నాం. వాళ్లకు రెండు సంగతులూ చెప్పండి.

ఇంటిపని: వచ్చే పాఠంలోగా మీ దగ్గరి చుట్టుదారి ఒకటి ఎంచుకుని మ్యాపు మీద నాలుగు గుర్తులు పెట్టండి. దారులు కలిసే చోట్లు, వంకలు దాటే మడతలు, వెనకా ముందూ సమానమయ్యే చోటు, దానికి ముందున్న స్పష్టమైన గుర్తు. సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కగట్టి ‘ఇది దాటితే వెనక్కే’ అనే టైము తేల్చండి. నడిచి వచ్చాక అసలు పట్టిన టైము పక్కనే రాయండి. మీది ఒకటిన్నర రెట్లో, ఒకటింబావో, రెండో అప్పుడే తెలుస్తుంది. ఆ అంకె వచ్చే పాఠంలో కావాలి, వాన పడ్డ మర్నాడు వాగు దాటడం అక్కడ మొదలుపెడదాం.