సిమెంటు కిల్న్‌కు కొత్త కంట్రోల్ సిస్టమ్: షట్‌డౌన్‌కు ముందే చేయాల్సిన పని

కిల్న్‌ (సిమెంటు ముడిసరుకును కాల్చే, తిరిగే పెద్ద గొట్టపు కొలిమి) నడిపే పాత పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోల్ కంప్యూటర్) మార్చాలనగానే చాలామంది ముందు కొటేషన్లు తెప్పిస్తారు. నా మాట వినండి, ముందు నోట్‌బుక్ పట్టుకుని మార్షలింగ్ ప్యానెల్ (ఫీల్డ్ వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె) తెరవండి. ఇరవై ఏళ్లు నడిచిన ప్లాంట్‌లో డ్రాయింగ్‌కీ వైరింగ్‌కీ పొంతన ఉండదు. ఏదో రాత్రి షిఫ్ట్‌లో ఛానెల్ (ఒక్కో సిగ్నల్‌కి ఉండే దారి) పోతే వైరు పక్క ఛానెల్‌కి మార్చి కిల్న్ నడిపించి ఉంటారు. డ్రాయింగ్ దిద్దేవాళ్లు ఉండరు. ప్రతి ఫెరూల్ (వైరు చివర తొడిగే గుర్తు) నంబరూ చూసి ఐ/ఓ లిస్ట్ (పీఎల్‌సీకి వచ్చే, పోయే సిగ్నళ్ల జాబితా) మీరే రాయండి: ట్యాగ్ (సిగ్నల్ గుర్తింపు పేరు), ఫీల్డ్‌లో ఉన్న పరికరం, సిగ్నల్ 4-20 మిల్లీఆంప్సా 24 వోల్టులా, రేంజ్ ఎంత, ఇప్పటికీ వాడుతున్నారా. సప్లయర్ చెప్పే ధర నిలబడేది ఈ లిస్ట్ మీదే. 20 శాతం స్పేర్ ఛానెల్స్ కూడా అడగండి.

ప్రోగ్రామ్ బ్యాక్‌అప్ ఈరోజే తీయండి. సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తుంటే హార్డ్ డిస్క్ మొత్తం కాపీ చేయండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. పాత లాజిక్‌ను యథాతథంగా కన్వర్ట్ చేసి ఇస్తామంటే ఒప్పుకోకండి. ఏళ్ల తరబడి పేరుకున్న బైపాస్‌లు (రక్షణను పక్కన పెట్టిన మార్పులు) కూడా దాంతోపాటే వస్తాయి. సీసీఆర్ (సెంట్రల్ కంట్రోల్ రూమ్) ఆపరేటర్లతో కూర్చుని ఒక్కో ఇంటర్‌లాక్ (ఒకటి ఆగితే మిగతావి ఏమవ్వాలో చెప్పే రక్షణ షరతు) చదవండి: ఐడీ ఫ్యాన్ (కిల్న్ నుంచి వేడి వాయువులు లాగే పెద్ద ఫ్యాన్) ట్రిప్ అయితే, అంటే దానంతటదే ఆగిపోతే, ఏవి ఏ వరసలో ఆగాలి? కోల్ మిల్ బ్యాగ్ ఫిల్టర్‌లో (బొగ్గు ధూళి పట్టే చోట) సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పెరిగితే ఏం జరగాలి? "ఈ టైమర్ ఎందుకు పెట్టారన్నా?" అని అడిగితే సీనియర్ ఆపరేటర్ చెప్పే కారణం ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. తేలినదంతా కాగితం మీద పెట్టి ప్రాసెస్, ఎలక్ట్రికల్ వాళ్ల సంతకాలు తీసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరు చెప్పినా తగ్గకండి. వేడి కిల్న్ తిరగకుండా నిలిచిపోతే షెల్ (దాని బయటి ఉక్కు గొట్టం) వంగిపోతుంది. అందుకే కొత్త సిస్టమ్ మొత్తం చచ్చిపోయినా ఆక్సిలరీ డ్రైవ్ (కిల్న్‌ను నెమ్మదిగా తిప్పే అదనపు డ్రైవ్) లోకల్ ప్యానెల్ నుంచి తిరగాలి. బర్నర్‌కి గాలిచ్చే ఎమర్జెన్సీ ఫ్యాన్ కూడా అంతే.

మన దగ్గర వానాకాలంలో సిమెంటు అమ్మకాలు తగ్గుతాయి కాబట్టి కిల్న్ లోపలి ఇటుకలు మార్చే పెద్ద షట్‌డౌన్ తరచూ అప్పుడే పెడతారు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. విడిగా ఆపగలిగే ప్యాకింగ్ ప్లాంట్‌నో సిమెంటు మిల్లునో ముందే మార్చేస్తే టీమ్‌కి చేయి తిరుగుతుంది. ప్యానెళ్లు సప్లయర్ వర్క్‌షాప్ దాటకముందే ఇద్దరు ఆపరేటర్లను అక్కడికి పంపి, ప్రతి ట్రిప్‌నూ సిమ్యులేట్ చేయించండి.

షట్‌డౌన్ షెడ్యూల్ మెకానికల్ వాళ్లతో కలిసి వేయండి. ఇటుకల పనివాళ్లు కిల్న్ లోపల ఉంటే డ్రైవ్ ట్రయల్ చేయలేరు, ఫ్యాన్లకు పర్మిట్ రాదు. ఆ రోజుల్లో ట్రాన్స్‌మిటర్ల (కొలతల సిగ్నల్ పంపే పరికరాల) లూప్ చెక్, అంటే సిగ్నల్ ఫీల్డ్ నుంచి స్క్రీన్ దాకా సరిగా వస్తోందో చూసే పని, ముగించండి, మోటార్లు చివర్లో పెట్టుకోండి. పాత ప్యానెల్ అప్పుడే పీకేయవద్దు. ఏ గంటకి పని తేలకపోతే పాత సిస్టమ్‌కి తిరిగి వెళ్లాలో ముందే రాసి పెట్టుకోండి.

పీఐడీ (కొలతను కోరిన విలువ దగ్గర ఉంచే కంట్రోల్ పద్ధతి) నంబర్లు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించకండి. పాతదాంట్లో ప్రపోర్షనల్ బ్యాండ్ 50 శాతం అని ఉంటే, కొత్తది గెయిన్ వాడేదైతే అందులో అది 2 అవుతుంది (100ను 50తో భాగిస్తే). ఇంటెగ్రల్ టైమ్ నిమిషాల్లో ఉందో సెకన్లలో ఉందో కూడా చూసుకోవాలి. కొత్త ఇటుకల కోసం కిల్న్‌ను ఎలాగూ నెమ్మదిగానే వేడెక్కిస్తారు. డ్రాఫ్ట్ (వాయువులను లాగే ఒత్తిడి), బర్నర్ లూపులు ఆ గంటల్లోనే ట్యూన్ చేసి, ఫీడ్ మొదలయ్యాక కూలర్ లూపులు పట్టుకోండి.