ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ – 6వ పాఠం: గట్టు దాటిన పార్టిషన్

పోయిన పాఠంలో ఎఫ్‌డిస్క్ (డిస్కులోని పార్టిషన్లను, అంటే భాగాలను, చూపించే లైనక్స్ కమాండ్) కొట్టి డిస్కు పట్టీ చూడమన్నాను. చివర్లో "పార్టిషన్ 2 డజ్ నాట్ స్టార్ట్ ఆన్ ఫిజికల్ సెక్టార్ బౌండరీ" (2వ పార్టిషన్ డిస్కు లోపలి సెక్టార్ హద్దు దగ్గర మొదలవ్వలేదు) అని వస్తే చాలామంది టెన్షన్ పడ్డారు. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. పలాసలో ఒక తమ్ముడు దాన్ని సరిచేద్దామని రాత్రిపూట జీపార్టెడ్‌లో (పార్టిషన్లు మార్చే ప్రోగ్రాం) లైనక్స్ పార్టిషన్‌ని వెనక్కి జరపబోయాడు. సగంలో కరెంటు పోయింది, డిగ్రీ ప్రాజెక్టు మొత్తం పోయింది. అందుకే గ్రబ్ (ఏ సిస్టమ్ మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ) సంగతి వచ్చేసారికి వాయిదా.

ఇప్పటి హార్డ్ డిస్కుల్లో చాలావాటికి లోపలి సెక్టార్ (డిస్కు ఒకసారికి చదివే, రాసే అతి చిన్న ముక్క) 4096 బైట్లు, పైకి మాత్రం 512 అని చెబుతాయి. ఎనిమిది చిన్న సెక్టార్లు కలిస్తే ఒక మడి అనుకోండి. పార్టిషన్ గట్టు దగ్గరే మొదలవ్వాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మొదటి పార్టిషన్ 63వ చిన్న సెక్టార్ దగ్గర మొదలయ్యేది. 63 ఎనిమిదితో తెగదు, కాబట్టి ఫైళ్లు రాసే ఒక్కో 4096 బైట్ల బ్లాకు రెండు మళ్లలో పడుతుంది. ఒక్క బ్లాకు రాయాలన్నా డిస్కు రెండు మళ్లూ చదివి, మార్చి, మళ్లీ రాయాలి. వేగం తగ్గుతుంది గానీ డేటాకి ఏమీ కాదు. విస్టా నుంచి 2048 దగ్గర మొదలుపెడుతున్నారు.

ఇక అసలు ఉచ్చు. మీలో ఎక్కువమంది పంపిన పట్టీల్లో 2వ పార్టిషన్ 501758 దగ్గర, 5వది 501760 దగ్గర మొదలవుతున్నాయి. 2వదాని రకం చూడండి: ఎక్స్‌టెండెడ్. అది చుట్టూ వేసిన కంచె మాత్రమే. పంటంతా లోపలున్న 5వదాంట్లో ఉంది. ఆ 5వది గట్టు మీదే ఉంది! కంచె రెండు సెక్టార్లు ముందు మొదలైతే మీ ఫైళ్లకి వచ్చే నష్టం లేదు, వేగం కూడా తగ్గదు. దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. హెచ్చరిక కనబడగానే చెయ్యి జీపార్టెడ్ మీదకి వెళ్లకూడదు, ముందు రకం మీదకి వెళ్లాలి.

నేను క్యాలిక్యులేటర్ తియ్యను. చివరి మూడంకెలు ఎనిమిదితో తెగితే చాలు: 760 తెగుతుంది, 758 తెగదు. నమ్మకం కుదరకపోతే పార్టెడ్ అనే కమాండ్‌లో అలైన్-చెక్ ఆప్టిమల్ 5 అని అడగండి.

మామూలు పార్టిషనే 63 దగ్గర ఉంటే? డేటా వేరే డిస్కులోకి తీసుకుని, చెరిపి, కొత్తగా చేసుకోండి. ఉన్నచోట జరపడం నేను ఎవరికీ చెప్పను.

అభ్యాసం: మీ డిస్కులోని ప్రతి పార్టిషన్ మొదలు, రకం నోట్‌బుక్‌లో రాసి, ఎనిమిదితో భాగించి, శేషం పక్కన వెయ్యండి. శేషం మిగిలిన ప్రతిదానికీ అది కంచో, పంటో రాయండి.