పాత పిస్టల్‌ను తోలు హోల్‌స్టర్‌లో దాచకండి

లూగర్ పి08, కోల్ట్ 1911 లాంటి పాతకాలపు సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఉన్నవాళ్లు చాలామంది దాన్ని దాని జోడీ హోల్‌స్టర్‌లోనే (పిస్టల్ పెట్టుకునే ఒరలోనే) ఉంచేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ తోలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. తోలును పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు అందులో మిగిలి ఉంటాయి. ఆ రెండూ కలిసి బ్లూయింగ్‌ను, అంటే ఉక్కు మీద ఉండే నీలి నలుపు పూతను, మెల్లగా తినేస్తాయి. మచ్చలు ఎక్కువగా తోలు గట్టిగా ఆనుకునే చోటే పడతాయి.

హోల్‌స్టర్‌ను పక్కన విడిగా పెట్టండి. ముందు మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) తీసి, చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లారా చూసుకోండి. తర్వాత మెత్తటి గుడ్డతో వేలిముద్రలు తుడిచి, పల్చగా నూనె రాసి, తాళం వేసే పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్‌తో పాటు ఉంచండి. నూనె కారేంత పోస్తే పిడికి ఉండే చెక్క గ్రిప్‌లు పీల్చుకుని నల్లబడతాయి, జాగ్రత్త.

రంగు వెలిసిందని కొత్తగా బ్లూయింగ్ చేయించాలన్న సరదా పుడితే మాత్రం ఆగండి. పాత లూగర్‌లలో ట్రిగర్, సేఫ్టీ లివర్ లాంటి చిన్న భాగాలు గడ్డి పసుపు రంగులో ఉండేవి. అన్నిటికీ కలిపి రంగు వేయిస్తే అదంతా పోతుంది, విలువా పడిపోతుంది. ఆ చిన్న భాగాల మీద సీరియల్ నంబర్‌లోని చివరి రెండు అంకెలు కొట్టి ఉంటాయి. ఆ అంకెలన్నీ ఒకదానితో ఒకటి సరిపోలితే ఆ తుపాకీ రేటే వేరు. అందుకే విప్పినప్పుడు భాగాలు వేరే పిస్టల్ వాటితో కలిసిపోకుండా చూసుకోండి, పాలిష్ పెట్టి ఆ అంకెలు అరగదీయకండి.