స్టిర్ ఫ్రై సాస్ కుదరడం లేదా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లినా సాయంత్రమయ్యేసరికి ఒక చైనీస్ బండి కనిపిస్తుంది. పెద్ద మంట మీద బాణలి, పక్కన నాలుగు సాస్ సీసాలు. రెండు నిమిషాల్లో సాస్ నిగనిగలాడుతూ కూరగాయలకు పట్టుకుంటుంది. అదే సాస్ ఇంట్లో చేస్తే ఒక రోజు నీళ్లలా ఉంటుంది, ఇంకో రోజు జిగురుగా సాగుతుంది, మరో రోజు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా వస్తుంది. తేడా ఏదైనా సరే, చెయ్యి మాత్రం సోయా సాస్ సీసా మీదికే పోతుంది.

ముందు ఆ అలవాటు మానుకోవాలి. ఇంట్లో సాస్ చెడిందంటే సోయా తక్కువైనందువల్ల అయ్యుండదు. నీళ్లు, మంట, కార్న్ ఫ్లోర్, వేసే వరుస, వీటిలో ఏదో ఒకచోట తేడా వచ్చి ఉంటుంది. అదేమిటో సాస్‌ను చూస్తేనే తెలిసిపోతుంది.

ముందుగా కొలత

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మొదట ఒక కొలత ఉండాలి. నలుగురికి, అంటే సుమారు 400 గ్రాముల కూరగాయలకో చికెన్‌కో పనీర్‌కో ఇది సరిపోతుంది.

సోయా సాస్ 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు లేదా స్టాక్ (కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్లు) 150 మిల్లీలీటర్లు, వెనిగర్ 2 టీ స్పూన్లు, చక్కెర 2 టీ స్పూన్లు, మిరియాల పొడి అర టీ స్పూన్, ఎండుమిర్చి పేస్ట్ 1 టీ స్పూన్. విడిగా ఒక గిన్నెలో 2 టీ స్పూన్ల కార్న్ ఫ్లోర్, 2 టేబుల్ స్పూన్ల చల్లని నీళ్లు. బాణలిలోకి ఒక టేబుల్ స్పూన్ నూనె, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, రెండూ సన్నగా తరిగినవి.

నూనె కాగాక అల్లం, వెల్లుల్లి వేసి అర నిమిషం వేయించాలి. సోయా, నీళ్లు, చక్కెర, మిర్చి పేస్ట్, మిరియాల పొడి వేసి మరగనివ్వాలి. కార్న్ ఫ్లోర్ నీళ్లు పోసి ఒక నిమిషం కలపాలి. చిక్కబడ్డాక, విడిగా వేయించిన కూరగాయలు వేసి, స్టవ్ ఆపి, వెనిగర్ కలపాలి. ఉప్పు విడిగా వేయొద్దు.

సాస్ నీళ్లలా ఉంది, ఎంత మరిగించినా చిక్కబడటం లేదు

అందరికీ ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త ఓపికగా చూడాలి.

మొదట మీ డబ్బాలో ఉన్నది ఏ పిండో చూడండి. తెల్లగా, వేళ్ల మధ్య నలిపితే కిర్రుమనేది కార్న్ ఫ్లోర్. అది మొక్కజొన్న నుంచి తీసిన పిండిపదార్థం మాత్రమే. పసుపుపచ్చగా, కాస్త బరకగా ఉండేది మొక్కజొన్న పిండి, రొట్టెలకు వాడేది. దానితో సాస్ సరిగ్గా చిక్కబడదు, పైగా బరకగా తగులుతుంది.

పిండి సరైనదే అయితే దాన్ని ఎలా పోశారో గుర్తు చేసుకోండి. కార్న్ ఫ్లోర్ నీళ్లలో కరగదు, తేలుతూ ఉంటుంది. రెండు నిమిషాలు వదిలేస్తే అడుగుకు చేరి గట్టిగా పేరుకుంటుంది. పైనున్న నీళ్లు మాత్రమే బాణలిలో పడితే పిండి గిన్నెలోనే ఉండిపోతుంది. పోసే ముందు తప్పకుండా స్పూన్‌తో అడుగు నుంచి కలపండి.

మూడో కారణం వేడి. కార్న్ ఫ్లోర్ రేణువులు సుమారు 65 డిగ్రీల దగ్గర ఉబ్బడం మొదలుపెడతాయి. పూర్తి చిక్కదనం రావాలంటే వేడి దాదాపు 95 డిగ్రీలకు చేరాలి. అందుకే సాస్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పోసి, సిమ్‌లో పెట్టి ఎదురుచూస్తే లాభం లేదు. బుడగలు వచ్చేలా మరగాలి. ఆ ఒక్క నిమిషంలో పచ్చి పిండి రుచి కూడా పోతుంది.

ఇక మొదట చిక్కగా వచ్చి తర్వాత పలచబడితే సంగతి వేరు. చిక్కబడ్డాక కూడా ఐదారు నిమిషాలు మరిగిస్తూ గట్టిగా తిప్పితే ఉబ్బిన రేణువులు పగిలిపోతాయి. వెనిగర్ ముందే వేసి మరిగిస్తే ఆ పులుపు కూడా పిండి కట్టును విడగొడుతుంది. వెనిగర్ చివర్లో, స్టవ్ ఆపాక వేయమనడానికి కారణం ఇదే. చాలామంది పట్టించుకోని ఇంకో కారణం ఎంగిలి స్పూన్. రుచి చూసిన స్పూన్‌నే మళ్లీ సాస్‌లో పెట్టి కలిపితే, లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని కరిగించేస్తుంది. గోరువెచ్చని సాస్‌ను గిన్నెలో పెట్టి ఎంగిలి స్పూన్‌తో తింటూ పోతే చివరికి అడుగున నీళ్లు తేలేది దీనివల్లే. రుచి చూడడానికి వేరే స్పూన్ పెట్టుకోండి.

ఇప్పటికే పలచబడిన సాస్‌ను దిద్దుకోవడం తేలికే. ఒక టీ స్పూన్ కార్న్ ఫ్లోర్‌ను టేబుల్ స్పూన్ చల్లని నీళ్లలో కలిపి, మరుగుతున్న సాస్‌లో సగం పోయండి. అర నిమిషం ఆగి చూసి, అవసరమైతేనే మిగతాది పోయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి బాణలిలో ఉన్నప్పుడు కొంచెం పలచగా కనిపించడమే సరి.

సాస్ బాగానే వచ్చింది, కూరగాయలు కలిపాక నీళ్లు తేలాయి

ఇది సాస్ తప్పు కాదు. క్యాబేజీ, క్యాప్సికం, పుట్టగొడుగులు నీళ్లు వదిలాయి. బండి వాళ్ల బర్నర్లకు హై ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటుంది, ఆ మంటకు వదిలిన నీరు వదిలినట్టే ఆవిరైపోతుంది. మన ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ గ్యాస్‌ను తక్కువ ప్రెషర్‌తో వదులుతుంది. ఒకేసారి బాణలి నిండా కూరగాయలు వేస్తే అది చల్లబడిపోయి, వేయించాల్సినవి ఉడకడం మొదలవుతాయి. (బండి రుచి కోసం హై ప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి ఇంటి స్టవ్‌కు బిగించే ఆలోచన మాత్రం చేయొద్దు. ఇంటి స్టవ్, దాని పైపు ఆ ప్రెషర్ కోసం చేసినవి కావు.)

దీనికి మందు విడతలుగా వేయించడమే. మోండా మార్కెట్ నుంచో రైతు బజార్ నుంచో తెచ్చిన కూరగాయలను కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, పూర్తిగా తడి ఆరాకే తరగండి. వానాకాలంలో క్యాబేజీ పొరల మధ్య నీళ్లు నిలుస్తాయి, దాన్ని తరిగాక కూడా ఒకసారి గుడ్డతో అద్దండి. పెద్ద మంట మీద రెండు గుప్పెళ్ల చొప్పున వేయించి పళ్లెంలోకి తీసేయండి. ఈ దశలో ఉప్పు వేస్తే నీరు ఇంకా త్వరగా ఊరుతుంది కాబట్టి వేయొద్దు. సాస్‌ను అదే బాణలిలో విడిగా చిక్కబరిచి, వేయించినవన్నీ ఒకేసారి వేసి అర నిమిషంలో దించేయండి.

ఇప్పటికే నీళ్లు తేలితే కూరగాయలను చిల్లుల గరిటెతో తీసేసి, సాస్‌ను మాత్రమే పెద్ద మంట మీద మరిగించి దగ్గరపడనివ్వండి. కూరగాయలతో కలిపి మరిగిస్తే అవి మెత్తబడిపోతాయి.

ఉప్పు ఎక్కువైంది

ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో, రకాన్ని బట్టి, 2 గ్రాములకు పైగానే ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్లు రోజంతటికీ కలిపి 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ లెక్క తప్పకుండా గుర్తుంచుకోవాలి. సీసా లేబుల్ మీద ఉప్పుకు బదులు సోడియం రాసి ఉంటే, ఆ అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది.

ఉప్పు ఎక్కువ కావడానికి సోయా ఒక్కటే కారణం కాదు. సీసాలో వచ్చే చిల్లీ సాస్, టమాటా కెచప్, కొన్న అల్లం వెల్లుల్లి పేస్ట్, స్టాక్ క్యూబ్, అన్నింటిలోనూ ఉప్పు ఉంటుంది. మీద మనం ఇంకో చిటికెడు వేస్తాం.

దీన్ని చక్కెరతో కప్పేయాలని చూడకండి. ఉప్పుతో పాటు తీపి కూడా పెరిగి సాస్ మొహం మొత్తుతుంది. నీళ్లు పెంచి, దానికి తగ్గ కార్న్ ఫ్లోర్ కలిపి, మొత్తం సాస్‌నే ఎక్కువ చేయండి. అందులో సగం తీసి ఫ్రిజ్‌లో దాచుకుని మర్నాటికి వాడుకోవచ్చు. ఉప్పు లేకుండా ఉడికించిన నూడుల్స్, చప్పటి అన్నం, పనీర్ కలిపినా సర్దుకుంటుంది.

టేస్టింగ్ సాల్ట్ (అజినొమోటో పేరుతో దొరికే ఎంఎస్‌జీ) గురించి ఒక మాట. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచులోంచి దాని రుచికి మూలమైన పదార్థాన్ని విడదీశారు. టేస్టింగ్ సాల్ట్‌లో సోడియం సుమారు 12 శాతం, మామూలు ఉప్పులో 39 శాతం. వాడాలనుకుంటే చిటికెడు వేసి, సోయాను ఆ మేరకు తగ్గించండి. రెండూ పూర్తిగా వేస్తే ఉప్పు తగ్గదు. అసలు వద్దనుకునేవాళ్లు క్యాబేజీ మొదలు, క్యారెట్ చివర్లు, ఉల్లికాడల వేర్ల భాగం, నాలుగు పుట్టగొడుగులు కలిపి అరగంట ఉడికించి వడగట్టిన స్టాక్ వాడండి. నీళ్లకు బదులు అది పోస్తే సోయా తగ్గించినా రుచికి లోటుండదు.

చేదుగా ఉంది

వెల్లుల్లి మాడింది. దాదాపు ప్రతిసారీ ఇదే. నూనె పొగలు వస్తుండగా సన్నగా తరిగిన వెల్లుల్లి వేస్తే పది, పదిహేను సెకన్లలో ముదురు గోధుమ రంగుకు వస్తుంది, ఆ చేదు నూనెలోకి దిగుతుంది. తర్వాత ఏం కలిపినా పోదు. నూనెతో సహా పారబోసి, బాణలి కడిగి మళ్లీ మొదలుపెట్టండి. ఈ దశలో పోయేది ఒక స్పూన్ నూనె, ఆరు రెబ్బలే. సోయా పోశాక గుర్తిస్తే అదంతా వృథా. నూనె కాగాక మంట తగ్గించి, ముందు అల్లం, అది పది సెకన్లు వేగాక వెల్లుల్లి వేయండి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే నీళ్లు పడాలి. అందుకే వెనిగర్, కార్న్ ఫ్లోర్ తప్ప సాస్‌లో పోయాల్సినవన్నీ స్టవ్ వెలిగించక ముందే ఒక గిన్నెలో కలిపి పక్కన పెట్టుకోవాలి.

చక్కెర నేరుగా వేడి బాణలి మీద పడి మాడినా చేదు వస్తుంది. దాన్ని సోయాలోనే కరిగించి పోస్తే సరి.

మంచూరియా వాసన రావడం లేదు, మన కూర వాసనే వస్తోంది

మసాలా వేయకపోయినా ఇలా అవుతుందంటే అల్లం వెల్లుల్లి పేస్ట్‌ను అనుమానించండి. పేస్ట్ నూనెలో వేగుతూ అడుగంటుతుంది, సాస్‌ను మసకగా చేస్తుంది, మనకు అలవాటైన కూర రుచినే తెస్తుంది. కత్తితో సన్నగా తరిగితే సాస్ తేటగా ఉంటుంది, కొరికినప్పుడు ఘాటు తెలుస్తుంది.

రెండోది నువ్వుల నూనె. చైనీస్ వంటలో చివర్న చుక్కలుగా వేసే నూనెను బాగా వేయించిన నువ్వుల నుంచి తీస్తారు. మనం ఆవకాయకు వాడే గానుగ నూనె వేయించని నువ్వులది, దానికి ఆ కమ్మటి వేపుడు వాసన ఉండదు. ఒక టీ స్పూన్ నువ్వులను దోరగా వేయించి, బరకగా దంచి, దించే ముందు చల్లితే చాలావరకు ఆ వాసన వస్తుంది.

రంగు కుదరలేదు

మరీ నల్లగా వస్తే మీ సీసా డార్క్ సోయా అన్నమాట. కిరాణా షాపుల్లో ఎక్కువగా దొరికేది అదే. చాలా రకాల్లో రంగు కోసం క్యారమెల్ కలుపుతారు. అది ఒక టేబుల్ స్పూన్‌కు తగ్గించి, లైట్ సోయా దొరికితే రెండోది దానితో వేయండి.

బండి మీద కనిపించే ఎర్రదనం ఇంట్లో రాకపోతే బెంగపడక్కర్లేదు, చాలాచోట్ల అది కలిపిన రంగు. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది కూడా. వరంగల్ వైపు పండే చపాటా మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. గింజలు తీసి, వేడినీళ్లలో అరగంట నానబెట్టి రుబ్బితే పిల్లలు కూడా తినగలిగే ఎర్రటి పేస్ట్ వస్తుంది. మామూలు గుంటూరు మిర్చితో అంత రంగు తేవాలని చూస్తే కారం మండిపోతుంది.

పులుపు గొంతులో కొడుతోంది

సీసా చిల్లీ సాస్‌లో, కెచప్‌లో వెనిగర్ ముందే ఉంటుంది. అవి వేస్తే కొలతలోని వెనిగర్ సగానికి తగ్గించండి. ఎక్కువైపోతే ఒక నిమిషం మూత లేకుండా మరిగించి, అర టీ స్పూన్ చక్కెర కలపండి.

ఉండలు కట్టింది

కార్న్ ఫ్లోర్ వేడినీళ్లలో కలిపారు, లేదా పొడిగానే బాణలిలో చల్లారు. ఉండ పైభాగం ఉడికిపోతుంది, లోపలి పిండికి నీరు అందదు. ఎంత చిదిమినా పూర్తిగా పోవు. సాస్‌ను టీ జల్లెడలో వడగట్టి, మళ్లీ చల్లని నీళ్లతో కలిపిన పిండి కొద్దిగా పోయండి.

ఫ్రిజ్‌లో పెట్టిన సాస్ మర్నాటికి విడిపోయింది

కార్న్ ఫ్లోర్ ఉడికి చల్లారాక నెమ్మదిగా బిగుసుకుంటూ లోపలి నీటిని బయటకు వదులుతుంది. పాడైనట్టు కాదు. కలుపుతూ మరిగించి, అవసరమైతే కొంచెం పిండి నీళ్లు పోస్తే మళ్లీ కలిసిపోతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే మాత్రం స్పాంజిలా తయారవుతుంది.

నిల్వ చేయాలనుకుంటే కార్న్ ఫ్లోర్, అల్లం, వెల్లుల్లి లేకుండా సోయా, చక్కెర, వెనిగర్, మిరియాలు మాత్రమే కలిపి గాజు సీసాలో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు బాగుంటుంది. వండేటప్పుడు నీళ్లు, పిండి, తాజా వెల్లుల్లి చేర్చుకోవచ్చు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి గట్టు మీద ఉంచడం మాత్రం వద్దు. గాలి అందని ఆ నూనెలో బొటులినమ్ బ్యాక్టీరియా పెరిగి విషం తయారుకావచ్చు, వాసనలో రంగులో ఏ తేడా కనిపించకుండానే. చల్లగా ఉన్న నెలల్లో అయినా అలాంటి నూనెను ఫ్రిజ్‌లోనే పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. అంతకు మించితే పారబోయండి.