పథ్యం ఉన్నవాళ్లకు పొద్దుతిరుగుడు గింజలతో వంట ఎలా చేయాలి?

నట్స్ పడవు, పాలు పడవు, గోధుమ పడదు. ఇంట్లో ఒక్కరికి ఇలాంటి పథ్యం మొదలైందంటే చాలు, వంట చేసేవాళ్లకు రోజూ టెన్షనే. గ్రేవీ చిక్కబడాలంటే జీడిపప్పు వేయలేరు, క్రీమ్ పోయలేరు. బిస్కెట్లలో బాదం పిండి కలపలేరు. ఈ పనులన్నీ పొద్దుతిరుగుడు పప్పుతో జరిగిపోతాయి. దాన్ని సలాడ్ మీద నాలుగు చల్లి వదిలేయడం అన్యాయం. నానబెట్టి రుబ్బినా, వేయించి గ్రైండ్ చేసినా దాని సత్తా తెలుస్తుంది.

100 గ్రాముల పప్పులో సుమారు 20 గ్రాముల ప్రొటీన్, 50 గ్రాముల కొవ్వు, 8 గ్రాములకు పైగా పీచు, 35 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉంటాయి. కేలరీలు కూడా 580 దాకా ఉంటాయి కాబట్టి రోజుకు 30 గ్రాములు, అంటే ఓ గుప్పెడు చాలు. ఈ ప్రొటీన్‌లో లైసిన్ తక్కువ, అంటే ఒంటికి తిండి నుంచే అందాల్సిన ఒక అమైనో ఆమ్లం. శనగలు, పెసలు లాంటి పప్పుధాన్యాల్లో అది బాగా ఉంటుంది. మాంసం, గుడ్లు, పాలు మూడూ మానేసినవాళ్లు ఈ గింజల్నీ పప్పుధాన్యాల్నీ కలిపి తింటే ఆ లోటు తీరుతుంది.

1. కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి

వేరుశనగ, బాదం ప్యాక్ చేసే యంత్రాల మీదే ఈ గింజల్ని కూడా ప్యాక్ చేస్తుంటారు. నట్స్ అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆ కాస్త పొడి అంటినా ప్రమాదమే. అందుకని "నట్స్ ఉండే అవకాశం ఉంది" అనే హెచ్చరిక కనిపిస్తే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి. పొట్టు తీసిన, వేయించని, ఉప్పు కలపని పప్పే తీసుకోండి. సహజంగా వీటిలో సోడియం దాదాపు లేనట్టే, ఉప్పు కలిపినవి కొంటే బీపీ ఉన్నవాళ్లకు ఆ లాభం పోతుంది.

పొద్దుతిరుగుడు అలర్జీ అరుదే కానీ లేకపోలేదు. మొదటిసారి తినేవాళ్లకు కొద్దిగా పెట్టి చూడండి. అలర్జీలు ఎక్కువగా ఉన్నవాళ్లయితే డాక్టర్‌ను అడిగాకే పెట్టండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కూడా అంతే. 100 గ్రాముల్లో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ 600 మిల్లీగ్రాములకు పైనే ఉంటాయి.

2. దోరగా వేయించండి

అడుగు మందంగా ఉన్న బాణలి సన్న మంట మీద పెట్టి, పప్పును పలచగా పరిచి కలుపుతూ ఉండండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. అప్పుడే విసుగొచ్చి మంట పెంచుతారు, పప్పు మాడేది అక్కడే. ఆ తర్వాత మొన దగ్గర రంగు తిరిగి, పైన నూనె మెరుపు వచ్చి, కమ్మటి వాసన మొదలవుతుంది. మొత్తం 6 నుంచి 8 నిమిషాలు పడుతుంది. దించగానే వేరే పళ్లెంలోకి వంపేయండి, లేకపోతే బాణలి వేడికే నల్లబడి చేదెక్కుతాయి. ఓవెన్‌లో అయితే 160 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి కలపాలి.

3. బటర్ చేసుకోండి

పీనట్ బటర్‌కు బదులు వాడుకోవడానికి ఇది. వేయించిన పప్పు రెండు కప్పులు, గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వేయండి. ముందు పొడి అవుతుంది. తర్వాత గోడలకు అంటుకుపోతుంది. అంచులు గీకి మళ్లీ తిప్పితే ముద్ద కడుతుంది. ఆ ముద్ద చూసి చాలామంది ఇక కాదనుకుని నీళ్లు పోస్తారు. చుక్క నీరు పడినా అది గట్టిపడి బిగుసుకుపోతుంది, పోయకండి. మిక్సీకి రెండు నిమిషాలు విశ్రాంతి ఇస్తూ తిప్పుతూ ఉంటే పప్పులోని నూనె తనంతట తాను బయటికొచ్చి ముద్ద జారుగా అవుతుంది. అప్పటికీ గట్టిగా ఉంటే ఒక టీ స్పూన్ నూనె వేయొచ్చు. చిటికెడు ఉప్పు చివర్లో కలపండి. చిన్నపిల్లలకు గింజలు గొంతులో అడ్డుపడతాయి కాబట్టి ఈ బటర్‌నే పలచగా రాసి ఇవ్వండి.

4. క్రీమ్, పాలు

ఒక్కటే నేర్చుకునే తీరిక ఉంటే క్రీమ్ నేర్చుకోండి అంటాను. ఒక కప్పు పచ్చి పప్పును 4 నుంచి 6 గంటలు నానబెట్టండి. తొందరగా కావాలంటే మరిగిన నీళ్లు పోసి అరగంట ఉంచినా సరే. నానిన నీళ్లు పారబోసి, పప్పు బాగా కడగండి. పచ్చి రుచి, కాస్త వగరు ఆ నీళ్లతో చాలావరకు పోతాయి. ముప్పావు కప్పు మంచినీళ్లు, పావు టీ స్పూన్ ఉప్పు, ఒక టీ స్పూన్ నిమ్మరసం వేసి మెత్తగా రుబ్బండి. వేళ్ల మధ్య రాస్తే పలుకు తగలకూడదు. సూప్‌లో, గ్రేవీలో చివరి రెండు మూడు నిమిషాల్లో సన్న మంట మీద కలపండి. వేడికి తొందరగా చిక్కబడుతుంది, అందుకని పక్కన కాసిన్ని వేడినీళ్లు ఉంచుకోండి. ఇందులోనే రెండు వెల్లుల్లి రెబ్బలు, ఇంకాస్త నిమ్మరసం వేసి రుబ్బితే బ్రెడ్ మీద రాసుకోవడానికి బాగుంటుంది.

పాల కోసమైతే నానిన పప్పు ఒక కప్పుకు నాలుగు కప్పుల నీళ్లు పోసి రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. అడుగున పేరుకుంటాయి కాబట్టి ఊపి వాడండి. వీటిలో ఆవుపాలలో ఉన్నంత కాల్షియం ఉండదు. పాలు పూర్తిగా మానేసినవాళ్లు కాల్షియం వేరే దారిలో చూసుకోవాల్సిందే. ఏడాదిలోపు పిల్లలకు తల్లిపాలకో ఫార్ములాకో బదులుగా ఇవి ఎప్పుడూ పట్టకండి.

5. పిండి చేసి బిస్కెట్లు

పచ్చి పప్పును మిక్సీలో రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి, ఆపకుండా తిప్పితే బటర్ దారి పడుతుంది. జల్లించిన పిండిని బాదం పిండికి బదులు అదే కొలతలో వాడొచ్చు. గోధుమలో ఉండే జిగురు ప్రొటీన్ గ్లూటెన్ ఇందులో లేదు కాబట్టి పిండి పట్టుకుని ఉండేందుకు ఏదో ఒకటి కావాలి. గుడ్డు పడనివాళ్లు ఒక టేబుల్ స్పూన్ అవిసె పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కలుపుకోవచ్చు.

ఒకటిన్నర కప్పు పిండి, పావు కప్పు చక్కెర, రెండు టేబుల్ స్పూన్ల నూనె, అర టీ స్పూన్ బేకింగ్ పౌడర్, ఒక టీ స్పూన్ నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నానిన అవిసె ముద్ద కలిపి బిళ్లలు ఒత్తండి. 170 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు చాలు. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి.

నిమ్మరసం ఇక్కడ రుచి కోసం కాదు. ఈ గింజల్లో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది. బేకింగ్ పౌడర్‌లో కూడా ఉండే వంటసోడా లాంటి క్షారం తగిలితే అది ఆకుపచ్చగా మారుతుంది. ఓవెన్‌లోంచి తీసినప్పుడు బంగారు రంగులోనే ఉన్న బిస్కెట్, చల్లారాకో మర్నాటికో విరిచి చూస్తే లోపల ఆకుపచ్చగా ఉంటుంది. బూజనుకుని పారేసేవాళ్లున్నారు. అది బూజు కాదు, తింటే ఏమీ కాదు, రుచి కూడా మారదు. వంటసోడా తగ్గించి పులుపు తగిలిస్తే ఆ రంగు బాగా తగ్గుతుంది.

6. నిల్వ

కొవ్వులో ఎక్కువ భాగం గాలికి, వెలుతురుకు తొందరగా చెడిపోయే రకం. పప్పునైనా పిండినైనా గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పిండి అవసరమైనప్పుడు ఆడించుకోవడమే మేలు. వాడే ప్రతిసారీ రెండు పప్పులు నమిలి చూడండి. పాత నూనె వాసనో, నాలుక చివర చేదో తగిలితే ఆ డబ్బా మొత్తం పారేయండి. వేయిస్తే ఆ చేదు పోతుందని అనుకోవద్దు.