బెంగళూరు అద్దె ఇంట్లో బిల్ట్-ఇన్ ఫ్రిజ్ తీసి మామూలు ఫ్రిజ్ పెట్టుకోవాలనుకునేవారికి

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు అద్దెకు దిగే మనవాళ్లకు కొన్ని అపార్ట్‌మెంట్లలో చెక్క అల్మారాలోనే ఇమిడిపోయిన బిల్ట్-ఇన్ ఫ్రిజ్ కనిపిస్తుంది. షటర్, అంటే అల్మారా తలుపు, మూసి ఉంటే ఫ్రిజ్ ఎక్కడుందో ఇంటికి వచ్చిన చుట్టాలు కనుక్కోలేరు. అసలు ఇబ్బంది కాపురం మొదలైన తరువాత తెలుస్తుంది. వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బి, పొంగడానికి చోటు వదిలి, వెడల్పాటి గిన్నెలో పోసి అరలో పెట్టబోతే గిన్నె అంచు తలుపుకు తగిలి తలుపు మూతపడదు. దాని పక్కన పెరుగు గిన్నె, కూరగాయలు, ఊరి నుంచి వచ్చిన పచ్చడి జాడీలు పెట్టే మాట ఇక చెప్పనక్కరలేదు. అది పాడైతే అదే కొలతల్లో మరొకటి దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అందుకే చాలామంది చివరికి మామూలు ఫ్రిజ్ వైపు మొగ్గు చూపుతారు.

అయితే ముందు ఫ్రిజ్ కొని తరువాత చోటు చూసుకుందామనుకోకండి. నేను ఆ పొరపాటే చేశాను. అల్మారా ముందు టేపు పెట్టి చూస్తే సరిగ్గా 60 సెంటీమీటర్లు వచ్చింది, 60 సెంటీమీటర్ల వెడల్పున్న డబుల్ డోర్ ఫ్రిజ్ ఆర్డర్ చేశాను. అల్మారాకు రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల పలకలు ఉంటాయని, అవి పోగా లోపల మిగిలేది 56 సెంటీమీటర్ల చిల్లర మాత్రమేనని ఫ్రిజ్ ఇంట్లోకి వచ్చాక గాని నాకు తట్టలేదు. తొమ్మిది రోజులు అది హాల్లో టీవీ పక్కన నిలబడింది. పాలకూ నీళ్లకూ వంటగదిలోంచి హాల్లోకి నడుస్తూ మా ఇంట్లోవాళ్లు నన్ను ఏమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు.

పైగా, పట్టినంత మాత్రాన పెట్టవచ్చని కూడా కాదు. బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌కు కింద స్కర్టింగ్‌లో (నేలకు ఆనుకుని ఉండే పట్టీలో) ఉండే జాలీ నుంచి గాలి లోపలికి వెళ్లి, వెనుకగా పైకి లేచి, అల్మారా నెత్తిన ఉన్న సందులోంచి బయటపడేలా ఏర్పాటు ఉంటుంది. మామూలు ఫ్రిజ్‌ల తీరు వేరు. ఇప్పుడు వస్తున్న వాటిలో చాలావరకు వేడిని పక్క గోడల గుండానే వదులుతాయి, నడుస్తున్నప్పుడు పక్కన చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది. అటువంటిదాన్ని చెక్క పెట్టెలో బిగిస్తే ఆ వేడి పోయే దారి లేక కంప్రెసర్ విరామం లేకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, కంప్రెసర్ ఆయుష్షూ తగ్గుతుంది. పక్కల, వెనుక, పైన ఎంతెంత ఖాళీ వదలాలో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకెలను ఫ్రిజ్ కొలతలకు కలిపితే వచ్చేదే మీకు కావలసిన అసలు చోటు. అంటే ఎక్కువ ఇళ్లలో టాల్ యూనిట్‌ను, అంటే ఫ్రిజ్ ఇమిడి ఉన్న ఆ నిలువెత్తు అల్మారాను, పూర్తిగా తీసేయక తప్పదు, లేదా యుటిలిటీ బాల్కనీ పక్కన వేరే గోడ వెతుక్కోవాలి. వానజల్లు పడకపోతే నా ఓటు రెండోదానికే.

వెడల్పు తరువాత లోతు చూసుకోవాలి. వంటగట్టు సాధారణంగా 60 సెంటీమీటర్లు ఉంటుంది, డబుల్ డోర్ ఫ్రిజ్ హ్యాండిల్‌తో కలిపి అంతకంటే ముందుకు పొడుచుకు వస్తుంది. పక్కనే గోడ ఉంటే తలుపు 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, కొన్ని మోడళ్లలో కూరగాయల డ్రాయర్ బయటకు రావడానికి అది చాలదు. లిఫ్టు తలుపు, వంటగది ద్వారబంధం వెడల్పులను కూడా ప్యాకింగ్ కొలతతో సరిచూసుకోండి.

యజమానితో ముందే మాట్లాడి, ఒప్పుకున్న సంగతి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉంచుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే, దానికి అల్మారా లెక్క కూడా తోడు కానివ్వకండి. పలకలను కోయించవద్దు, మరలు విప్పించి తీయించండి. వడ్రంగిని కన్నడంలో బడగి అంటారు, కొలతను అళతె అంటారు. ఈ రెండు మాటలూ వస్తే బేరం సగం తేలికవుతుంది, కాకపోతే వచ్చిన మనిషి హిందీలో మాట్లాడే అవకాశమూ ఉంది.

తీసే ముందు రోజే ఫ్రిజ్ ఆపి, మంచు కరగనిచ్చి, నీళ్లు తుడవాలి. బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌ను పక్క పలకలకు మరలతో పట్టి ఉంచుతారు కాబట్టి అవి విప్పగానే అది ముందుకు ఒరగవచ్చు. ఇద్దరు మనుషులు లేకుండా ఆ పని మొదలుపెట్టనివ్వకండి. షటర్‌ను ఫ్రిజ్ తలుపుకు కలిపే పట్టీలను, మరలను ఒక కవరులో వేసి షటర్ లోపలివైపు టేపుతో అంటించి, షటర్‌ను పాత దుప్పటిలో చుట్టి లాఫ్ట్ మీద పెట్టండి. పాత ఫ్రిజ్ పనిచేస్తుంటే అది యజమాని సొత్తు, ఎక్కడ ఉంచాలో ఆయన్నే అడగండి. పనికిరాదని ఆయన ఒప్పుకుంటే కొత్తది కొనే చోట ఎక్స్చేంజ్‌లో ఇవ్వవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో ఫ్రిజ్ కూడా ఉంది కాబట్టి, గొట్టాలు కోసి గ్యాస్‌ను గాలిలోకి వదిలే పాత సామాన్లవాడికి మాత్రం వేయకండి. ఇటీవలి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్-600ఏ మండే గుణమున్న గ్యాస్ కూడా.

ప్లగ్ పాయింట్ సంగతి చాలామంది మరిచిపోతారు. బిల్ట్-ఇన్ ఫ్రిజ్ సాకెట్ అల్మారా వెనుకో పక్క అరలోనో దాగి ఉంటుంది, కొత్త ఫ్రిజ్ వైరు అక్కడికి అందదు. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో సరిపెట్టుకోకుండా, ఎర్త్ ఉన్న సాకెట్‌ను చేతికి అందే చోట ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. పెద్ద ఫ్రిజ్‌ల ప్లగ్ కొన్నిసార్లు 16 ఆంపియర్లది ఉంటుంది, అది 6 ఆంపియర్ల సాకెట్‌లో దూరదు.

కొత్త ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టిన వెంటనే స్విచ్ వేయకుండా, కంప్రెసర్ నూనె కిందికి దిగేదాకా కొన్ని గంటలు ఆగాలి. ఆలోగా ముందు కాళ్లను తిప్పి ముందువైపును ఒక్క పిసరు ఎత్తు చేసి, తలుపును సగం తెరిచి వదిలి చూడండి. దానంతట అదే మూతపడుతుంటే ఇక కాళ్లను కదిలించనక్కరలేదు.