బయోమెడికల్ ఆప్షన్ పెట్టే ముందు ఒక ఈసీజీ తీసి చూడండి

ఏటా వెబ్ ఆప్షన్ల టైంలో చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి "మావాడికి ఎంబీబీఎస్ సీటు రాలేదు, బయోమెడికల్ ఇంజనీరింగ్ పెట్టించమంటావా?" అని అడుగుతారు. అదొక్కటే కారణమైతే వద్దే వద్దు. పేరులో మెడికల్ ఉంది గానీ మొదటి రెండేళ్లూ మీకు ఎదురయ్యేది రోగులు కాదు, మ్యాథ్స్, సర్క్యూట్లు, సిగ్నల్స్. అనాటమీ, ఫిజియాలజీ కూడా చదివిస్తారు, మందులు రాయడానికి కాదు, గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియకుండా దాన్ని కొలిచే మిషన్ చెయ్యలేం కదా, అందుకని.

మీకు పడుతుందో లేదో తేల్చుకోవాలంటే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఏడీ8232 ఈసీజీ మాడ్యూల్ (గుండె సిగ్నల్‌ని పెంచే చిన్న బోర్డు), ఒక ఆర్డుయినో (ల్యాప్‌టాప్‌కి తగిలించి ప్రోగ్రామ్ చేసే చిన్న సర్క్యూట్ బోర్డు), ఒంటికి అంటించే ఎలక్ట్రోడ్లు తెచ్చుకోండి. మాడ్యూల్‌కి 3.3 వోల్టులే ఇవ్వాలి, పొరపాటున 5 ఇవ్వొద్దు. ఛాతీ మీద కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, పొట్ట కింద కుడివైపు ఒకటి అంటించి, అవుట్‌పుట్‌ని ఆర్డుయినో అనలాగ్ పిన్‌కి కలిపి, ల్యాప్‌టాప్‌లో సీరియల్ ప్లాటర్ (సిగ్నల్‌ని గీతగా చూపించే ఆర్డుయినో విండో) తెరిచి చూడండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ మాత్రం ముందే పీకెయ్యాలి. ఒంటికి వైర్లు తగిలించుకుని ఉన్నప్పుడు గోడ ప్లగ్గుతో ఏ సంబంధమూ ఉండకూడదు.

చర్మం మీద దొరికే గుండె సిగ్నల్ దాదాపు 1 మిల్లీవోల్టు. ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్, అది మన ఒంటి మీద కూడా ఎక్కి కూర్చుంటుంది. సెకండియర్ ల్యాబ్‌లో మేం నలుగురం గీతకి బదులు లావుపాటి పట్టీ వస్తోందని, సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ పోయిందనుకుని దాని ఐసీ (చిప్) మార్చి, మళ్లీ మార్చి, సాయంత్రం దాకా తలలు పట్టుకున్నాం. చివరికి ల్యాబ్ అసిస్టెంట్ అన్న వచ్చి ఎలక్ట్రోడ్ వెనక్కి తిప్పి చూపించాడు: జెల్ ఎండిపోయింది! పాత బ్యాచ్ వాళ్లు చింపి వదిలేసిన ప్యాకెట్ అది. అలా ఎండితే రెండు ఎలక్ట్రోడ్లకీ చర్మంతో కాంటాక్ట్ సమానంగా ఉండదు, రెండింటిలోనూ ఒకేలా ఉన్న ఆ 50 హెర్ట్జ్ గోలని తీసేసి తేడాని మాత్రమే పెంచాల్సిన యాంప్లిఫయర్ ఇక ఏమీ చెయ్యలేదు. ఇలాంటి సాయంత్రం మీకు చిరాకు తెప్పిస్తే సీఎస్‌ఈయో ఇంకోటో చూసుకోండి, మజాగా అనిపిస్తే ఈ బ్రాంచి మీదే.

బ్రాంచంతా ఈసీజీయే కాదు. ఇమేజింగ్ ఉంది (ఎమ్మారై అంటే సగం ఫిజిక్సే), బయోమెటీరియల్స్ (ఒంట్లోనో ఒంటి మీదో వాడే మెటీరియల్స్), బయోమెకానిక్స్ (ఒంటి కదలికల మెకానిక్స్) ఉన్నాయి. మన హైదరాబాద్‌లోనే 1990ల్లో అబ్దుల్ కలాం, గుండె డాక్టర్ సోమరాజు కలిసి స్టెంటు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) చేయించారు. అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి మెటీరియల్‌తో నిమ్స్ ఆస్పత్రిలోని పిల్లలకి కాలిపర్లు (బలహీనమైన కాళ్లకి ఆసరాగా తొడిగేవి) చేస్తే, మూడు కిలోల పైనున్న బరువు 300 గ్రాములకి దిగింది. బయోమెటీరియల్స్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ కాలిపర్ల సంగతే చెప్తాను.

ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో బీఈ ఉంది, కంది దగ్గర ఐఐటీలో బీటెక్ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. తర్వాత ఎంటెక్ అనుకుంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కి విడిగా పేపరుంది. ఉద్యోగం అంటే ఆస్పత్రుల్లో వెంటిలేటర్లు, డీఫిబ్రిలేటర్ల (గుండెకి షాక్ ఇచ్చే మిషన్లు) కాలిబ్రేషన్, కంపెనీల్లో సర్వీస్ ఇంజనీర్, లేదంటే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కు లాంటిచోట తయారీ. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ప్రకారం మన దేశంలో వైద్య పరికరాలన్నీ రిస్కుని బట్టి ఏ నుంచి డీ దాకా నాలుగు క్లాసులు, ఆ కాగితాల పనికీ మనుషులు కావాలి, బోరు పనే గానీ అవసరమైన పని.

ఆప్షన్ పెట్టేలోపు తెలిసినవాళ్లని పట్టుకుని ఏదైనా పెద్ద ఆస్పత్రి బయోమెడికల్ డిపార్ట్‌మెంట్‌లో ఒక పూట కూర్చోండి. ముందు ఫోన్ చేసి వెళ్లండి, ఆపరేషన్ థియేటర్లో ఏదైనా మిషన్ ఆగిందంటే వాళ్లు మీవైపు కూడా చూడరు.